సందు లేని తట్టీ

నేను ఒక కిటికీ ఏసీని. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు కాస్త సిగ్గుగానే ఉంది, ఎందుకంటే చల్లబరిచే సామాను నాలో ఒక్కటీ మిగల్లేదు. పైన రేకు డొక్కు, ముందు ప్లాస్టిక్ జాలీ, ఆ జాలీకి ముడేసిన ఒక ఎర్ర రిబ్బను ముక్క. అంతే నేను. కువైట్ ఊరి బయట ఇసుకలో, నాలాంటివాటి గుట్ట మీద పడి ఉన్నాను. అయినా చచ్చినవాళ్లను కూడా పేరు పెట్టే తలుచుకుంటారు కదా, అందుకని ఏసీననే చెప్పుకుంటున్నాను.

ముందు మీ భ్రమ ఒకటి తీర్చాలి. నేను చలిని తయారు చేస్తాననుకుంటారు మీరంతా. చలి నా బాబు సొమ్మా, కావలసినంత తీసి పంచిపెట్టడానికి? నేను చేసేది వట్టి కూలిపని. మీ గదిలో ఉన్న వేడిని ఎత్తుకెళ్లి, గోడ దాటించి, బయట పారబోసి మళ్లీ వస్తాను. పొద్దస్తమానం ఇదే మోత. నా మొహం గదిలో ఉంటుంది, వీపు బయట ఉంటుంది. మొహంతో వేడిని తీసుకుంటాను, వీపుతో వదిలేస్తాను. వీపుకి గాలి ఆడకపోతే, బస్తా దించే చోటు దొరకని హమాలీ గతే నాదీను. నా కథ అంతా ఈ వీపు దగ్గరే ఉంది. మీ ఇళ్లలో ఎవరూ చూడని చోటు కూడా అదే.

నేను పుట్టింది నాలాంటివాళ్ల అవసరమే లేని ఒక చల్లని దేశంలో. నన్ను బిగించినవాళ్లు కోట్లు తొడుక్కుని, చేతులు రుద్దుకుంటూ బిగించారు. ఎండ ఎలా ఉంటుందో వాళ్లకీ తెలియదు, నాకూ తెలియదు. ఓడ దిగి కువైట్ రేవులో పెట్టె తెరిచినప్పుడు మొదటిసారి ఆ గాలి తగిలింది. పక్కనెక్కడో ఇల్లు కాలుతోందేమో అనుకున్నాను. కాదు, అక్కడి గాలే అంత.

మొదట ఒక కలిగిన ఇంట్లో, ముసలావిడ గదిలో కుదిరాను. ఆవిడ నా మీటని చివరికంటా తిప్పి పెట్టి, ఆ చలికి తట్టుకోలేక రెండు దుప్పట్లు కప్పుకునేది. మనుషుల తెలివి మీద నాకు అనుమానం మొదలైంది అప్పుడే. ఆవిడ ఒక్కసారి కూడా నా వంక తలెత్తి చూసిన పాపాన పోలేదు. కాని ఏటా ఎండలు రాకముందే ఇద్దరు మనుషులు వచ్చేవాళ్లు. నన్ను గోడలోంచి లాగి, వీపు మీది రేకుల సందుల్లో చేరిన దుమ్మంతా నీళ్లతో కొట్టి, వంగిన రేకులు సరిచేసి, మళ్లీ కూర్చోబెట్టి పోయేవాళ్లు. వాళ్లకు నేనంటే ప్రేమేం లేదు. ఈ నెలలో ఈ పని అని ఎవరో చెప్పారు, చేశారు, అంతే. ఆ ఇంట్లో నేను ఏనాడూ జబ్బు పడలేదు. ప్రేమ లేని ఆ ఇంటినే ఇప్పుడు తలుచుకోవలసి వస్తోందే అని నాకు కష్టంగా ఉంటుంది.

ఆ ఇంటికి కొత్త యంత్రాలు వచ్చాక నన్ను పాతసామాను సంతకి తోలారు. అక్కడ నన్ను కొన్నది తెలుగువాళ్లు. ఒకే గదిలో ఎనిమిది మంది మగవాళ్లు, ఎనిమిది మంచాలు. నా మీద తడి లుంగీలు ఆరేసేవాళ్లు. నా నోటి ముందు బనియన్లు వేలాడదీసేవాళ్లు. ఎవరి మంచానికి గాలి ఎక్కువ వెళ్తోందో అని రోజూ తగువు. మా గదిలో చలికాలం ఉంది కాని మనిషికింత చొప్పున పంచుకోవాలి. అయినా వాళ్లు పనినుంచి వచ్చి, చొక్కా విప్పి, నా ఎదురుగా నిలబడి కళ్లు మూసుకునేవాళ్లు చూడండి, అప్పుడు మాత్రం వాళ్ల మీద కోపం ఉండేది కాదు.

ఆ ఎనిమిది మందిలో ఒకడు బాలశౌరి. పల్నాడులో రెంటచింతల వైపు మనిషి. పాల కంపెనీలో వ్యాను తోలేవాడు. ఎండల మాట ఎవరు ఎత్తినా తనదే పై మాట.

"ఇదేం ఎండరా? మా ఊరి ఎండ ముందు ఇది బచ్చా. మా ఊళ్లో ఎండకి కాకులు కూడా నడిచి పోతయ్" అనేవాడు. మిగతావాళ్లు నవ్వేవాళ్లు. సొంతూరి ఎండను కూడా ఆస్తిలాగా చెప్పుకునే జాతిని నేను ఇంకెక్కడా చూడలేదు.

అంత గొప్పలు చెప్పే మనిషి ఒక్కొక్కప్పుడు ఫోను పట్టుకుని గది బయటికి పోయేవాడు. తిరిగి వచ్చాక గోడ వైపు తిరిగి పడుకునేవాడు. కారణం తర్వాత తెలిసింది. ఊళ్లో అతనికి ఒక కూతురు, పేరు జసింత. ఆ పిల్లకి పుట్టుకతోనే చెమట పట్టదు. మీకు చెమటంటే చీదర కదా. ఆ చెమటే మీ ఒంటికి ఏసీ. ఆ పిల్లకి ఆ ఏసీ లేదు. ఎండ కాస్త ముదిరితే చాలు, ఒళ్లు పెనంలా కాలిపోయేది. దీనికి మందు లేదు, చల్లని చోట పెట్టి పెంచుకోండి అని గుంటూరులో డాక్టరు చెప్పాడు. రెంటచింతలలో చల్లని చోటు! అందులోనూ ఎండాకాలంలో కరెంటు వచ్చేది చుట్టపు చూపుగా.

అప్పుడు బాలశౌరి ఊరంతా నవ్వుకునే నిర్ణయం తీసుకున్నాడు. పెళ్లాన్నీ పిల్లనీ కువైట్ తెచ్చుకుంటానన్నాడు. "పిల్లకి వేడి పడదని ఎడారికి తీసుకుపోతాడంట, పెనం మీంచి పొయ్యిలోకి!" అన్నారట అక్కడి జనం. కాని అతని లెక్క తప్పు కాదు. ఇక్కడ ఎంత ఎండ కాసినా కరెంటు పోదు. ఒక మంచి ఏసీ ఉంటే గదిలో పన్నెండు నెలలూ మాఘమాసమే. మిగిలినవాళ్లు నన్ను అతనికి ఇచ్చేశారు. "పాపకి పనికొస్తుంది, తీసుకుపోరా, మేం ఇంకోటి చూసుకుంటాం" అన్నారు. రోజూ నా గాలి కోసం కొట్టుకు చచ్చినవాళ్లే ఆ మాట అన్నారు.

అలా నేను ఒక పాత మేడలో ఒంటిగది ఇంటికి వచ్చాను. మొహం గదిలోకి, వీపు చిన్న బాల్కనీలోకి. బాలశౌరి భార్య లూర్దమ్మ మొదటిరోజు గదంతా ఒకసారి, నన్ను ఒకసారి చూసి మొగుడితో చెప్పేసింది.

"ఇదిగో, ముందే చెప్తన్నా. పాడేరు కొండల్లో మా అక్క కాన్వెంటులో ఉంది. పిల్లని తీసుకుని రమ్మని ఎప్పట్నించో అంటంది. నువ్వు యాడుంటే మేం ఆడుండాలని వచ్చా. ఎండల్లో ఒక్కరోజు ఇది ఆగిందంటే మాత్రం నేను పిల్లని తీసుకుని కొండెక్కుతా. మళ్లీ రానంతే."

వాళ్ల అక్క సన్యాసిని. ఆ కొండల మీద బడి పిల్లలకు పాఠాలు చెబుతుంది. అక్కడ మే నెలలో కూడా స్వెట్టర్లు వేస్తారట. ఆ మాట విన్నాక నా పని ఏమిటో నాకు తెలిసొచ్చింది. ఈ ముగ్గురూ ఒక కప్పు కింద ఉండాలంటే నేను ఆగకూడదు. అంత పెద్ద పని నాకు ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు. గర్వంగానే ఉండింది.

ఆ పిల్ల నన్ను చూసి భయపడలేదు. నేను మొదలయ్యేటప్పుడు కాస్త దగ్గి, మూలిగి, తర్వాత కుదుటపడే అలవాటు నాది. అది విని "అమ్మా, ఇది తాతలాగా దగ్గతంది" అంది. బాలశౌరి నాన్న ఇన్నయ్య ఆ పిల్ల పుట్టకముందే పోయాడు. ఫోటోలో తప్ప చూడని తాతని తెచ్చి నాలో కూర్చోబెట్టింది. ఆ రోజునుంచి నేను ఇన్నయ్య తాతని. జడ వేయించుకున్నాక మిగిలిన ఎర్ర రిబ్బను ముక్క ఒకటి తెచ్చి నా జాలీకి కట్టింది. అది ఊగితే తాత ఊపిరి తీసుకుంటున్నట్టు. పొద్దున్నే లేచి మొదట రిబ్బను చూసేది.

లూర్దమ్మ వారం వారం బట్టలు ఉతికిన రోజునే నా ముందు జాలీ విప్పి, లోపలి వలని తీసి సబ్బునీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టేది. నీళ్లు టీ డికాక్షన్‌లా దిగేవి. తలుపు కింద సందులో పాత చీర ముక్క కూరేది. మధ్యాహ్నం కిటికీకి మందపాటి తెర దించేది. నన్ను ఆపితే వెంటనే వెయ్యకుండా కాసేపు ఆగేది. ఇవన్నీ ఎవరు చెప్పారో తెలియదు, ఆమె చేసేది. అందుకే నాకు ఆమె మీద ఇప్పటికీ ఇంత గౌరవం. కాని ఆమె చెయ్యి అందేది నా మొహం వరకే. నా వీపున మాత్రం రేకుల సందుల్లో దుమ్ము పేరుకుపోయింది. పైన పటారం, లోన లొటారం. "ఎండలు ముదరకముందే ఎవరన్నా మెకానిక్‌ని పిలిచి ఎనక పక్క కడిగియ్యమను" అని ఆమె మొగుడికి చెబుతూనే ఉండేది. "పిలుద్దాంలే" అనేవాడు బాలశౌరి. మగవాళ్లు "పిలుద్దాంలే" అంటే దాని అర్థం ఏమిటో పెళ్లయిన ఆడవాళ్లని అడగండి.

అతను బద్ధకస్తుడు కాదు. ప్రేమ లేనివాడు అసలే కాదు. అదే వచ్చిన చిక్కు. ఈస్టరుకి ఒక్కడే ఊరికి పోయి వస్తూ, ఆవకాయ జాడీలతో పాటు గోనెసంచిలో ఏదో చుట్ట తెచ్చాడు. విమానాశ్రయంలో అధికారి దాన్ని విప్పించి, వాసన చూసి, ఇంకొకరికి చూపించి, ఇద్దరూ వాసన చూసి, చివరికి ఏమీ తేల్చుకోలేక పొమ్మన్నారట. అది వట్టివేళ్ల తట్టీ.

కథ విందురుగాని. వాళ్ల నాన్న ఇన్నయ్య గురజాలలో సర్కారు బంగళాకి వేసవిలో తట్టీలు కట్టేవాడు. వట్టివేళ్లు వెదురుబద్దల మధ్య పరిచి, కిటికీలకీ గుమ్మాలకీ బిగించి, పూటపూటా నీళ్లు చల్లేవాడు. వడగాలి ఆ తడి వేళ్లలోంచి దూరి చల్లగా, కమ్మటి వాసనతో లోపలికి వచ్చేది. ఇన్నయ్య కట్టిన తట్టీకి వేలు దూరే సందు కూడా ఉండేది కాదని పేరు. "సందున్నది తట్టీ కాదు, కంత" అనేవాడట. బాలశౌరికి తండ్రి విడిచిపోయిన ఆస్తి ఆ ఒక్క మాటే.

"ఏందయ్యా ఇది? కిటికీకి కట్టేది తెచ్చి దీనికి కడతన్నావ్?" అంది లూర్దమ్మ.

"నువ్వు చూడలా. బయట అట్టు కాలేటట్టుంటే లోపల ఆఫీసర్లు దుప్పటి కప్పుకునేవాళ్లు. అంతా మా నాయన చెయ్యి! మిషనైతే మాత్రం, దీనికి ఎండ తగలదా? పాపం, ఎంత మొత్తుకుంటందో చూడు."

నా మూలుగు విని నాకు ఎండ తగులుతోందని జాలిపడ్డ మనిషి అతనొక్కడే. ఏసీకి తట్టీ కట్టడమంటే తాతకు దగ్గులు నేర్పడమే అని లోపల నవ్వుకున్నాను. కాని నిజం చెప్పాలి. అతను ఆ తట్టీని బాల్కనీ కమ్మీలకి, నాకు మూరెడు ఎడంగా కట్టాడు. నా వీపు వదిలిన వేడి పైనుంచి పోయేది. నా పక్కలనుంచి లోపలికి వచ్చే గాలి మాత్రం తడి వేళ్లలోంచి చల్లబడి వచ్చేది. ఆ పొడి ఎండలో అది నాకు మజ్జిగ ఇచ్చినట్టే ఉండింది. నా మూలుగు తగ్గింది. గదిలోకి కూడా ఆ వాసన కొంచెం వచ్చేది. లూర్దమ్మ మొదటిరోజు ఆ వాసన పీల్చి, వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకుంది. జసింత గది మధ్యలో బొమ్మలు పరుచుకుని, పొద్దున్నించి సాయంత్రం దాకా తనలో తను మాట్లాడుకుంటూ ఆడుకునేది. బాలశౌరి పనినుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా తట్టీకి నీళ్లు చల్లేవాడు.

నా బతుకులో మంచి రోజులంటే అవే. ఆ మంచి రోజుల మూలంగానే మెకానిక్ మాట వెనక్కి పోయింది. తట్టీ ఉండగా మెకానిక్ ఎందుకు అనుకున్నాడు బాలశౌరి. లూర్దమ్మ కూడా గట్టిగా అడగలేదు.

తర్వాత దుమ్ము తుఫాను వస్తోందని ఫోన్లలో మోగింది. అది ఎండలు బాగా ముదిరిన రోజుల్లో. బడులకి సెలవులు, మా అంతస్తులో ఉన్న మలయాళీ కుటుంబాలన్నీ ఇళ్లకి తాళాలు వేసుకుని కేరళ వెళ్లిపోయాయి. గాలికి తట్టీ కమ్మీలకి టపటపా కొట్టుకోవడం మొదలైంది. బాలశౌరి చూశాడు. తట్టీకీ నాకూ మధ్య మూరెడు సందు. అక్కడినుంచి దుమ్మంతా నా ఒంట్లోకి పోతుందని అతని భయం. తండ్రి మాట గుర్తొచ్చింది. కమ్మీలనుంచి తట్టీని విప్పి, నా వీపుకీ పక్కలకీ చుట్టూ ఆనించి, తాడుతో బిగించి, ముడి మీద ముడి వేశాడు. వేలు దూరే సందు కూడా లేకుండా కట్టాడు. పైనుంచి బకెట్లతో నీళ్లు పోశాడు.

"ఇంక నలుసు కూడా దూరదు" అన్నాడు. అతని మొహంలో వెలుగు చూశాను. తండ్రి పనితనం చేతికొచ్చిందన్న సంతోషం అది.

అయ్యా, కిటికీ తట్టీలోంచి గాలి లోపలికి రావాలి, అందుకే సందు ఉండకూడదు. నా వీపునుంచి వేడి బయటకి పోవాలి. నాకు సందే ప్రాణం. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్న నోటితో చల్లగా ఊదడం తప్ప ఇంకేమీ రాదు. ఇన్ని ఊళ్లు తిరిగి, ఇన్ని భాషలు విని, ఒక్క ముక్క పలకలేకపోయాను. నా దుఃఖమంతా అదే.

మర్నాడు శుక్రవారం ఆకాశం ఇటుకపొడి రంగుకి తిరిగింది. ఆ దేశంలో సెలవు శుక్రవారమే, చర్చిలో పూజా ఆ రోజే. పోలేక ఇంట్లోనే ప్రార్థన చేసుకున్నారు. తడి తట్టీకి దుమ్ము అంటుకుంది. కడుగుదామని బాలశౌరి మళ్లీ నీళ్లు పోశాడు. దుమ్ము బురద అయింది. మళ్లీ దుమ్ము, మళ్లీ నీళ్లు. తుఫాను తగ్గి శనివారం ఎండ కాసేసరికి అది అలికిన గోడలా గట్టిపడింది. అసలే నా వీపున ఆ పాత దుమ్ము ఉంది, దాని మీద ఈ గోడ. గోరుచుట్టు మీద రోకటిపోటు. గదిలోంచి మోసుకొచ్చిన వేడిని దించుకునే చోటు లేక, మింగలేక కక్కలేక తిరుగుతున్నాను.

"ఏమయ్యా, దీని మూలుగు ఏదో తేడాగా ఉంది" అంది లూర్దమ్మ. బాలశౌరి పనికి బయలుదేరుతున్నాడు. ఆగి నా వంక చూశాడు. రిబ్బను ఊగుతోంది.

"రిబ్బను ఊగతంది గదా, బాగానే ఉందిలే. తుఫాను గదా, అదీ అలిసిపోయుంటది" అని, పిల్ల తల నిమిరి వెళ్లిపోయాడు.

రిబ్బను ఊగుతుంది. ముందు ఉన్న పంకా తిరిగినంతసేపూ ఊగుతుంది. అది నా ఊపిరి అని నమ్మించింది ఆ పిల్ల, నమ్మారు వాళ్లు. మధ్యాహ్నం ఎండ బాల్కనీలోకి వచ్చాక జసింత నా ముందు నిలబడి, చెయ్యి చాచి చూసి అంది:

"అమ్మా, తాత ఊదతన్నాడు గానీ చల్లగా లేదు."

లూర్దమ్మ నన్ను ఆపి, కాసేపు ఆగి మళ్లీ వేసింది. నా గుండె, అదే లోపలి మోటారు, ఒకసారి కొట్టుకుని ఆగిపోయింది. మళ్లీ వేసింది. ఏం చేస్తుంది, తల్లి. మూడోసారో నాలుగోసారో నాలో ఏదో కమురు వాసన వచ్చి, మెయిను స్విచ్చి టక్కున పడిపోయింది. నేను అక్కడితో సరి. ఆ తర్వాత చూశాను, విన్నాను, అంతే.

గది ఎంత తొందరగా వేడెక్కిందో చెబితే నమ్మరు. పిల్ల మొహం ఎర్రబడింది. చుక్క చెమట లేదు. స్నానాలగదిలో కుళాయి తిప్పితే మేడ మీది ట్యాంకులో కాగిన నీళ్లు పొగలు కక్కుతూ వచ్చాయి. ఆ దేశంలో ఎండాకాలం చన్నీళ్ల కుళాయికి అర్థం లేదు. ఫ్రిజ్‌లో ఉన్న నీళ్లన్నీ దుప్పటి మీద పోసి పిల్లకి చుట్టింది. పక్కవాళ్ల తలుపులు బాదింది. అన్నీ తాళాలే. మొగుడికి ఫోను చేసి ఒకటే మాట అంది. "ఆగిపోయిందయ్యా."

జసింత ఏదేదో అంటోంది. రిబ్బను ఊగట్లేదేంటి, తాత ఊపిరి తీసుకోవట్లేదేంటి అంటోంది. లూర్దమ్మ పిల్లని భుజాన వేసుకుని మెట్ల వైపు పరిగెత్తింది. అంతలో కింద వ్యాను హారను వినపడింది.

తర్వాత సంగతి నేను చూడలేదు, వాళ్ల మాటల్లో విన్నాను. బాలశౌరి పాలు దించే పని మధ్యలో వదిలేసి వచ్చాడు. ఫ్రిజ్‌లా చల్లగా ఉండే వ్యాను వెనక తలుపులు తీసి, పాల డబ్బాల మధ్య పెళ్లాన్నీ పిల్లనీ కూర్చోబెట్టి, ఆ చల్లదనంలోనే ఆస్పత్రికి తోలాడు. కాస్త ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేదని డాక్టరు అన్నాడట. పిల్ల దక్కింది. ఆ రోజు నేను చెయ్యలేని పని పాల వ్యాను చేసింది. దానికి నా దండం.

మూడోనాడో నాలుగోనాడో, పిల్ల ఇంకా ఆస్పత్రిలో ఉండగానే, బాలశౌరి మెకానిక్‌ని తీసుకొచ్చాడు. అతను బాల్కనీలోకి పోయి తట్టీని తాడు కోసి లాగితే, అది పెచ్చులా ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. లోపల నా గుండె కాలిపోయింది, ఇక చెత్తలో వేయడమే అన్నాడు. దీన్ని ఇలా ఎవరు కట్టారు అని అడిగాడు. బాలశౌరి తల వంచుకున్నాడు.

"ఎవరూ కట్టలా. తుఫానుకి వచ్చి పడింది" అంది లూర్దమ్మ.

ఇన్ని ముళ్లు వేసి ఉన్న తాడు తుఫానుకి ఎలా వస్తుందో మెకానిక్ అడగలేదు. పరాయివాడి ముందు మొగుడి పరువు నిలబెట్టింది ఆ ఇల్లాలు. ఒక్క నింద కూడా వెయ్యలేదు. వేసి ఉంటే అతనికి తేలికగా ఉండేదేమో. మెకానిక్ వెళ్లాక బాలశౌరి అన్నాడు:

"రేపే కొత్తది తెస్తా మేరీ. అప్పు చేసైనా తెస్తా. ఈసారి నీ మాట జవదాటను."

లూర్దమ్మని ముద్దుగా పిలవాలన్నా, బతిమాలాలన్నా అతను మేరీ అంటాడు. ఆమె పిల్ల బట్టలు మడతపెడుతూనే వింది.

"నీ మీద కోపం లేదయ్యా. నువ్వు పిల్ల కోసమే చేశావు, నాకు తెలవదా? కానీ కొత్తదైనా అదీ మిషనే గదా. ఒక మిషను మీద పిల్ల పానం పెట్టి ఇంక నేను కూచోలేను. ఆ కొండ మీద ఏ మిషనూ అక్కర్లేదంట" అంది.

బాలశౌరి మర్నాడే ఇద్దరికీ టికెట్లు తీశాడు. వెళ్లేరోజు, ఆస్పత్రినుంచి వచ్చి సామాను తీసుకునే కాసేపట్లోనే, జసింత నా పక్కన ఒంటిమీద అరచెయ్యి ఆనించి చూసింది, వాళ్లమ్మ తనకి చూసినట్టే.

"తాతా, నీకూ జొరమొచ్చిందా? నాకు తగ్గిపోయింది. నీకూ తగ్గుద్దిలే" అంది. రిబ్బను ముడి ఊడిపోకుండా ఇంకోసారి బిగించి, వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. నాకు కన్నీళ్లు ఉంటే ఆ రోజు కార్చేవాణ్ణి. ఒకప్పుడు ఊరికే చుక్క చుక్కగా నీళ్లు కారేవి నాకు. అవీ ఎండిపోయాయి.

వాళ్లని విమానం ఎక్కించి బాలశౌరి ఒక్కడే తిరిగి వచ్చాడు. ఇల్లు ఖాళీ చేసి మళ్లీ ఆ మంచాల గదికే పోవాలి. సామాను సర్దలేదు. నన్ను గోడలోంచి లాగి బాల్కనీలో నేల మీద పెట్టాడు. పిల్ల మరిచిపోయిన పళ్లబ్రష్ ఒకటి స్నానాలగదిలోంచి తెచ్చాడు. సబ్బునీళ్లు కలిపి, నా వీపు మీద ఒక్కొక్క సందూ తోమడం మొదలుపెట్టాడు. వంగిపోయిన రేకుల్ని దువ్వెన పళ్లతో ఒక్కొక్కటే నిలబెట్టాడు. నీళ్లు ముందు బురదగా, తర్వాత డికాక్షన్‌లా, చివరికి తేటగా కారాయి. మోకాళ్ల మీద కూర్చుని తోముతూనే ఉన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆ వేసవికి ముందు ఒక్కసారి ఆ పని జరిగి ఉంటే నేను తుఫానుకి కాస్త తట్టుకునేవాణ్ణేమో. మూరెడు సందు మిగిలి ఉంటే కచ్చితంగా బతికేవాణ్ణి.

తోమడం అయిపోయాక నా మీద చెయ్యి వేసి, "నాయనా, సందు ఉంచాల్సింది" అన్నాడు. నన్నన్నాడో, వాళ్ల నాయననన్నాడో నాకు తెలియలేదు. తర్వాత మోకాళ్ల మీదే ఉండి గట్టిగా ఏడ్చాడు. కువైట్ ఎండని బచ్చా అని ఎగతాళి చేసిన మనిషి, ఆ ఎండలోనే అలా ఏడుస్తుంటే చూడలేకపోయాను.

పాత ఇనుము వాడు నన్ను బండిలోకి ఎత్తుతూ, "ఇంత శుభ్రంగా ఉంది, దీనికేమైంది?" అని అడిగాడు. బాలశౌరి తనూ ఒక చెయ్యి వేసి నన్ను బండిలోకి నెట్టాడు. ఇక్కడికి వచ్చాక నా రాగి గొట్టాలు, మోటారు, అతను నిలబెట్టిన ఆ రేకులు అన్నీ పీక్కుపోయారు. రిబ్బనుకి ధర రాదు కాబట్టి వదిలేశారు.

మీ ఊరిలో ఎండలు మెండైతే, మీ ఇంట్లో నాలాంటిది ఒకటి ఉంటే, వేసవి రాకముందు ఒకసారి దాని వెనక్కి వెళ్లి చూడండి. దాని మీద జాలిపడకండి, ముద్దుపేరు పెట్టకండి, పెట్టినా ఫరవాలేదు గాని ముందు వెనక్కి వెళ్లి చూడండి. మూలుగు మారితే వినండి. మమ్మల్ని ప్రేమించినవాళ్లు మాకు తక్కువేం కాదు. ఏం కావాలో కనుక్కున్నవాళ్లే తక్కువ. ఈ మాట మీ ఇళ్లలో మనుషులకి కూడా పనికొస్తుందేమో, మీరే చూసుకోండి.

ఇప్పుడు నేను వట్టి డొల్లని. ఎడారి గాలి నా వెనకనుంచి దూరి, అడ్డం లేకుండా ముందుకి వచ్చేస్తుంది. నా వీపుకి ఇప్పుడు కావలసినంత సందు. మధ్యాహ్నం గాలి లేచినప్పుడు రిబ్బను బాగా ఊగుతుంది. ఆ పిల్ల చూస్తే తాత ఊపిరి తీసుకుంటున్నాడనే అనుకుంటుంది. చెయ్యి చాచి చూడకుండా ఉంటే చాలు. వచ్చేదంతా వడగాలే.